గెడ్డలో దిగిన అంబారీ

"తాళాలు ఇవ్వనని చెప్పండత్తయ్యా," అంది బాలామణి.

చెప్పవలసిన మనిషి దూరాన లేడు. వంటింటి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. రాజ్యం కోడలి వంక చూసింది, కొడుకు వంక చూసింది.

"విన్నావు కదా రమణా. ఇవ్వదట."

"నేను మాట ఇచ్చేశానని చెప్పమ్మా," అన్నాడు వేంకటరమణమూర్తి. "ముందుగదిలో రామచంద్రరావుగారు కాఫీ తాగుతున్నారు. బండి తోలుకెళ్ళడానికి డ్రైవర్ని కూడా తెచ్చుకున్నారు. ఇప్పుడు లేదంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"మాట ఇచ్చేటప్పుడు నన్ను అడిగారేమో కనుక్కోండత్తయ్యా."

"రంభ వెళ్ళేటప్పుడు నన్ను అడిగిందేమో కనుక్కో అమ్మా."

మాట మళ్ళీ అక్కడికే వచ్చి ఆగిపోయింది.

కిందటి ఆదివారం బాలామణి రంభలో ఉన్న స్నేహితురాలిని చూడ్డానికి ఒక్కతే బండి వేసుకుని వెళ్ళింది. చిలికా సరస్సు గట్టున బురదలో దిగబడి, ఎలాగో బయటపడి, జోరువానలో తిరిగి వచ్చింది. ఆ సాయంత్రమంతా మూర్తి వీధి అరుగు మీద నిలబడే ఉన్నాడు. ఆమె దిగాక ఒక్క మాట అనలేదు. మర్నాడు కాలేజీలో ఫిజిక్సు పాఠం చెప్పి వస్తూ, కాంట్రాక్టరు రామచంద్రరావుకి బండి అమ్మేస్తానని చెప్పి వచ్చాడు. అప్పట్నుంచి ఆ ఇంట్లో భార్యాభర్తల మాటలు రాజ్యం మీదుగా నడుస్తున్నాయి.

వీధిలో రామచంద్రరావు డ్రైవరు బండి చుట్టూ తిరుగుతూ టైర్లను కాలితో తన్ని చూస్తున్నాడు. ఆ చప్పుడు వంటింట్లోకి వినిపిస్తోంది. బాలామణి పొంగుతున్న పాలగిన్నె దింపడం కూడా మరిచిపోయి వింటోంది.

రాజ్యం చేతికర్ర అందుకుని లేచింది. కుంటుకుంటూ ముందుగదిలోకి వెళ్ళింది.

"బాబూ రామచంద్రరావూ, ఇవాళ మా కూర్మమ్మ కూతురి పెళ్ళి. దిగపహండి దాటి వెళ్ళాలి. ఈ మోకాళ్ళతో నేను బస్సెక్కలేను. సాయంత్రం దీపాలవేళ వచ్చి తీసుకువెళ్ళు. పూటలో ఏమీ అరిగిపోదు బండి."

పెద్దావిడ మాట తీసెయ్యలేక రామచంద్రరావు లేచాడు. "సాయంత్రం తప్పదు మూర్తిగారూ. నేనూ అవతల వాళ్ళకి మాట ఇచ్చుకున్నాను," అని చెప్పి వెళ్ళాడు.

"సాయంత్రం సంగతి సాయంత్రం," అంది బాలామణి, ఎవరితోనూ కానట్టు.

ఆ బండి వాళ్ళింటికి వచ్చింది కిందటి దసరాకి. బాలామణి టెలిఫోను ఆఫీసులో ముందుగానే రిటైర్మెంటు తీసుకుని, యాభై దాటాక డ్రైవింగు నేర్చుకుని, వెతికి వెతికి తన డబ్బుతో కొనుక్కున్న బండి అది. ఎత్తుగా ఉంటుంది. ఎనిమిదిమంది పడతారు. పెద్ద గేరు పక్కన ఇంకో చిన్న గేరుంటుంది. అది వేస్తే నాలుగు చక్రాలూ కలిసి లాగుతాయి. "బరంపురం సందుల్లో తిరగడానికి నాలుగు చక్రాలూ లాగే బండి ఎందుకు? మనమేమైనా మిలిటరీ వాళ్ళమా?" అని మూర్తి మొదటిరోజే అన్నాడు. ఆయన మాటా కొట్టిపారెయ్యడానికి లేదు. బండి వెనక్కి తీసిన ప్రతిసారీ వీధి వీధంతా బయటికొచ్చి చేతులూపాల్సి వచ్చేది. ఒకరి కాలవ మీది పలక విరిగింది. ఇంకొకరి తులసికోట కొస చెక్కుకుపోయింది. డీజిలు తాగడంలో దానికి మొహమాటం లేదు.

కానీ గడప దాటడం మానేసిన రాజ్యం మళ్ళీ లోకం చూసింది ఆ బండిలోనే. పీట వేసుకుని, కోడలి భుజం పట్టుకుని ఎక్కి కూర్చుందంటే, బజారంతా ఆమె కళ్ళకింద ఉండేది. తారాతారిణి అమ్మవారి కొండ ఎక్కి దణ్ణం పెట్టుకుని వచ్చింది. ఆ రోజే దానికి అంబారీ అని పేరు పెట్టింది.

బండి ఊరు దాటింది. వెనకసీటు నిండా లడ్డూ బుట్టలు, పెళ్ళికూతురికి పట్టుచీర, వాటి మధ్య కాళ్ళు చాపుకుని రాజ్యం. మూర్తి ముందు సీట్లో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. శ్రావణమాసం. రోడ్డుకి రెండువైపులా నాట్లు వేసిన మళ్ళు నీళ్ళతో మెరుస్తున్నాయి. పడమటి కొండల మీద మబ్బు నల్లగా దిగి ఉంది.

"కొండల మీద వాన పడుతోందని చెప్పమ్మా. నిదానంగా పొమ్మను."

"నిదానంగానే పోతున్నానని చెప్పండత్తయ్యా."

"మీ ఇద్దరి మధ్యా నా గొంతు పోతోందర్రా," అంది రాజ్యం. "ఇవాళ పెళ్ళిలో నేను భోజనం చెయ్యాలి. మిగతాది మీరే చెప్పుకోండి."

బాలామణి గేరు మార్చింది. మూర్తి కిటికీ అద్దం ఎక్కించాడు.

పందిరి ముందు బండి ఆగీ ఆగకముందే కూర్మమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. రాజ్యం ఇంట్లో ఏళ్ళ తరబడి వంట చేసిన మనిషి. కూతురు పుణ్యవతి బాలామణి ఇంట్లోనే పెరిగి, నర్సు చదువు చదివి, ఇప్పుడు దిగపహండి ఆస్పత్రిలో పనిచేస్తోంది. కూర్మమ్మ కొత్తచీర కట్టుకుంది కానీ మొహంలో పెళ్ళికళ లేదు.

"అమ్మగోరూ, మగపెల్లోరి వేను గెడ్డలో ఇరుక్కుపోనాది. సప్టా మీద ఎనక సక్రం జారిపోయి ఇసకలో దిగబడిపోనాది. ఊల్లో టాక్టరు నేదు, రిపేరుకెల్లింది. ముహూర్తం దగ్గరకొచ్చీసినాది. ఏటి సేస్తామమ్మా?"

"వాళ్ళందరూ బాగున్నారా?"

"అందరూ దిగిపోనారమ్మా. ముందర నీల్లు జోరుగున్నాయని ఆడోల్లని ఎనక్కి అవతల గట్టుకి పంపీసినారు. పెల్లికొడుకూ, డ్రైవరూ వేను కాడే ఉన్నారు. తోస్తంటే కదల్నేదు. నీల్లు పెరుగుతన్నాయి."

బాలామణి ఇంజను ఆపనేలేదు. "అత్తయ్యా, దిగుతారా?"

"నేనెందుకు దిగుతాను? బుట్టలు దింపించు. పద," అంది రాజ్యం.

మూర్తి తల్లి మొహం చూసి కిందికి దిగాడు. బుట్టలు తనే దింపి, మళ్ళీ ఎక్కి కూర్చున్నాడు. ఊళ్ళోవాళ్ళు మోకు ఒకటి తెచ్చి బండిలో పడేసి, సన్నాయి వాళ్ళతో సహా వెనకే నడిచారు.

గెడ్డ, కొండల్లోంచి వచ్చే వాగు, ఊరికి అవతలి కొసన ఉంది. వంతెన లేదు. నీళ్ళ మీదుగా సిమెంటు చప్టా ఒక్కటే దారి. వర్షాల్లో దాని అంచు అక్కడక్కడ కొట్టుకుపోయింది. ఈ గట్టుకి కాస్త దూరంలో పెళ్ళివ్యాను ఒకపక్కకి ఒరిగి ఉంది. దాని ముందుభాగాన బంతిపూల దండలు గాలికి ఊగుతున్నాయి. పెళ్ళికొడుకు పైడన్న పసుపు పంచె మోకాళ్ళ పైకి ఎగగట్టి, వ్యానుకి భుజం పెట్టి తోస్తున్నాడు. అవతలి గట్టున ఆడవాళ్ళు గొడుగుల కింద గుంపుగా నిలబడి ఉన్నారు.

బాలామణి రాజ్యాన్ని గట్టు మీద బండరాయి మీద కూర్చోబెట్టింది. బండి తిప్పి, వెనక్కి నడుపుతూ నీళ్ళలోకి దిగింది. పైడన్నా, డ్రైవరూ కలిసి మోకుని రెండు బళ్ళకీ కట్టారు.

"ఇప్పుడా చిన్న గేరు వెయ్యాలి," అని తనలో తను అనుకుంటూ ఆమె తలుపు తెరిచింది. "ముందు చక్రాల నడుమ గుండీలు తిప్పి బిగించాలి. లేకపోతే ముందు చక్రాలు లాగవు."

"నువ్వు దిగకు. నేను తిప్పుతాను."

ఆమె తిరిగి చూసింది. మూర్తి అప్పటికే చెప్పులు విప్పి నీళ్ళలోకి దిగుతున్నాడు.

"ఎటు తిప్పాలో తెలుసా?"

"నువ్వు అమ్మకి చెప్పినప్పుడల్లా విన్నాను," అన్నాడు.

వారం తర్వాత తల్లిని మధ్యన పెట్టకుండా మాట్లాడుకున్నామన్న సంగతి ఇద్దరికీ ఒక్కసారే తెలిసింది.

మూర్తి కుడిచక్రం గుండీ తిప్పాడు. ఎడమవైపుకి వెళ్ళి అదీ తిప్పాడు. బాలామణి చిన్న గేరు కిందికి నొక్కింది. అడుగున ఎక్కడో ఇనుము ఇనుముని పట్టుకున్న చప్పుడైంది. కాలి కింద బండి ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలింది.

"నెమ్మది, బాలా. ముందు మోకు బిగుసుకోనీ. ఊఁ. ఇప్పుడు."

ఆమె క్లచ్చి వదిలింది. మోకు నీళ్ళు చిమ్ముతూ ఇనపకమ్మీలా బిగుసుకుంది. నాలుగు చక్రాలూ ఒకేసారి నేలని పట్టుకున్నాయి. ఒక క్షణం ఏదీ కదల్లేదు. ఇంజను గొంతు మాత్రం లోతుగా, ఓపిగ్గా మోగుతోంది. బాలామణి చెవులు ఆ చప్పుడు తప్ప ఇంకేదీ వినడం లేదు.

"చక్రం జారుతోందా చూడండి."

"జారడం లేదు. అలాగే ఉంచు. అలాగే."

వ్యాను మూలిగింది. ఒరిగిన పక్క లేచింది. దండలు ఒక్కసారి అటూ ఇటూ ఊగాయి. వెనక చక్రం ఇసకలోంచి పైకొచ్చి చప్టా ఎక్కింది. అంబారీ దాన్ని దూడని లాక్కొచ్చినట్టు గట్టు మీదికి లాక్కొచ్చింది.

గట్టు మీద ఈలలు, చప్పట్లు. సన్నాయి వాయించేవాళ్ళు ఎవరూ అడక్కుండానే అందుకున్నారు. కూర్మమ్మ వచ్చి బండి ముందుభాగం మీద రెండు చేతులూ వేసి కళ్ళకద్దుకుంది. రాజ్యం కర్రతో నేలని కొడుతూ కూర్చుంది.

బాలామణి స్టీరింగు ఇంకా వదల్లేదు. అది భయం కాదు. అంత సంతోషం ఎప్పుడు కలిగిందో ఆమెకి గుర్తు లేదు.

ఆ సంతోషం సగంలో ఉండగానే పైడన్న గెడ్డ వైపు తిరిగి నిలబడిపోయాడు.

"మాయమ్మ అవతల గట్టునుంది," అన్నాడు.

అప్పుడందరూ చూశారు. వ్యాను లాగే సందడిలో నీళ్ళు ఎంత పెరిగాయో ఎవరూ గమనించలేదు. ఇందాక పిక్కల దాకా ఉన్న నీళ్ళు ఇప్పుడు మోకాలికి వచ్చాయి. చప్టా కనబడడం లేదు. ఎర్రటి నీళ్ళలో చెత్తా, కొమ్మలూ కొట్టుకుపోతున్నాయి. అవతల గొడుగుల కింద పైడన్న తల్లి జగ్గమ్మ, ఆమె వెంట వచ్చిన ఆడవాళ్ళు.

"ముహూర్తం కానిచ్చీండి బాబూ. నీల్లు తగ్గాక ఆలొస్తారు," అన్నాడు ఎవరో పెద్దమనిషి.

"మాయమ్మ ఆ గట్టునుంటే నాను పీట మీద కూకోను," అన్నాడు పైడన్న. "నాన్న పోయిన కాణ్ణించి అదొక్కర్తే నన్ను పెంచినాది. అదొచ్చి సూడకుండా నాకేటి పెల్లి?"

బాలామణి బండి గెడ్డ వైపు తిప్పింది.

మూర్తి వచ్చి కిటికీ పట్టుకున్నాడు. "వద్దు."

"వ్యాను చిన్నది కాబట్టి జారింది. ఇది జారదు."

"రంభలో కూడా ఇలాగే అనుకుని దిగావా?"

"అక్కడా బయటికి తెచ్చింది ఇదే."

గట్టు మీద అందరూ వాళ్ళనే చూస్తున్నారు. పక్కన నిలబడ్డ ఒడియా ముసలాయన నీళ్ళకేసి చూపిస్తూ, "పాణి బొఢుచి ఆజ్ఞా, జిబె నాహిఁ," అన్నాడు. నీళ్ళు పెరుగుతున్నాయి, వెళ్ళొద్దని.

"ఆవేళ నువ్వొచ్చేదాకా నేను అరుగు మీద నిలబడి ఎందుకు చూస్తున్నాననుకున్నావు?" అన్నాడు మూర్తి నెమ్మదిగా.

"బండికేమైందోనని."

"బండికి," అన్నాడు. ఆయన మొహం చూసి బాలామణి తల దించుకుంది. వారం రోజులుగా తను పోట్లాడుతున్న మనిషి వేరు, కిటికీ పట్టుకుని నిలబడ్డ మనిషి వేరు అనిపించింది.

"భయమేస్తే నోటితో చెప్పొచ్చు కదండీ," అంది. "బండి అమ్మెయ్యడం ఎందుకు?"

మూర్తి తల్లి కూర్చున్న బండరాయి దగ్గరికి నడిచాడు. గడియారం, ఫోను తల్లి చేతిలో పెట్టాడు. పంచె ఎగగట్టి, పందిరికని తెచ్చి గట్టున వదిలేసిన వెదురుగెడ ఒకటి తీసుకుని తిరిగి వచ్చాడు.

"చప్టా అంచు ఎక్కడుందో కూర్చున్నచోటి నుంచి నీకు కనబడదు. నేను ముందు నడుస్తాను. గెడతో తడిమి చూస్తాను. నా వెనకాలే రా. నేను ఆగితే ఆగు."

"మీరు కొట్టుకుపోతే?"

"అయితే వెళ్ళొద్దు."

బాలామణి కిందికి దిగింది. తడిమోకు అందుకుని భర్త నడుముకి రెండు చుట్లు చుట్టి ముడేసింది. రెండో కొస బండి ముందున్న కొక్కేనికి కట్టింది. ఊరంతా చూస్తోందని ఇద్దరికీ తెలుసు. మూర్తి చేతులు పైకెత్తి, దర్జీ ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"బిగుతైందా?"

"ఊపిరి ఆడుతోంది," అన్నాడు.

ఫిజిక్సు లెక్చరరు ముందు, అంబారీ వెనక. ఆయన గెడ దింపుతాడు, అడుగు వేస్తాడు, చెయ్యి ఊపుతాడు. ఆమె ఆ అడుగుకి సరిపడా కదులుతుంది. నడిమధ్యన నీళ్ళు చక్రాలకి తగిలి పొంగి ఒకపక్కకి తోస్తున్నాయి. ఆమె తొయ్యనివ్వడం లేదు. మొదటి గేరులో, ఇంజను గొంతు తగ్గకుండా, ఒకే తీరుగా నడిపించింది. ఎదర తెల్లచొక్కా వీపు తప్ప ఇంకేదీ చూడలేదు.

అవతలి గట్టున జగ్గమ్మ బండి చూసి వెనక్కి జరిగింది.

"నాను రాన్నమ్మా. నాకు బయం. నాను లేకపోతే ఏటి, మూడుముల్లూ పడవా?"

"మీవాడు పీట మీద కూర్చోనంటున్నాడు."

"అలగన్నాడా?"

"అన్నాడు. గెడ్డలోకి దిగేలాగున్నాడు. ఎక్కండి."

జగ్గమ్మ ఎక్కింది. కొడుకు అలా అన్నాడని ఏడుస్తూ, నవ్వుతూ ఎక్కింది. ఆమె వెనక ఆడవాళ్ళందరూ ఇరుక్కుని కూర్చున్నారు. బాలామణి బండి తిప్పింది. మూర్తి మోకు సరిచూసుకుని మళ్ళీ ముందుకి వచ్చాడు.

తిరుగుదారిలో నీళ్ళు ఇంకా పెరిగాయి. తలుపు సందుల్లోంచి లోపలికి వచ్చాయి.

"కాల్లకి నీల్లు తగుల్తన్నాయమ్మా."

"కాళ్ళు పైకి పెట్టుకోండి. కిటికీలోంచి చూడకండి. మీ కోడలికి ఏం పేరు పెట్టి పిలుద్దామనుకుంటున్నారు?"

"పుణ్ణెమనే," అంది జగ్గమ్మ కళ్ళు మూసుకుని.

సగం దూరం వచ్చారో లేదో, మూర్తి కాలు జారింది. మనిషి నడుము దాకా మునిగి, భుజాల దాకా మునిగి, పక్కకి కొట్టుకుపోయాడు. గెడ చేతిలోంచి పోయింది. మోకు ఒక్కసారిగా బిగుసుకుంది.

బండిలో ఆడవాళ్ళు గొల్లుమన్నారు. బాలామణి అరవలేదు. బ్రేకు నొక్కి పట్టుకుంది. ఇంజను ఆగిపోకుండా రెండో కాలితో చూసుకుంది. బండి నేలకి కరుచుకున్నట్టు నిలబడింది. మోకు పట్టుకుని మూర్తి చేతిమీద చెయ్యి వేస్తూ వచ్చి, బండి ముందుభాగం పట్టుకుని పైకి లేచాడు. కళ్ళజోడు లేదు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆయన అద్దంలోంచి ఆమెకేసి చూసి, చెయ్యి పైకెత్తి, ముందుకి రమ్మని ఊపాడు.

గట్టెక్కేసరికి పైడన్న వచ్చి తల్లిని చంటిపిల్లలా ఎత్తి దింపుకున్నాడు.

మిగతాదంతా తొందరతొందరగా జరిగిపోయింది. తడిచీరతోనే జగ్గమ్మ కొడుకు పక్కన నిలబడింది. పుణ్యవతి తలెత్తి బాలామణి కోసం వెతికి, కనబడ్డాక దించుకుంది. తాళి పడింది. అక్షింతలు వేసేటప్పుడు ఎవరో "ఆ బండి ఎవరిది?" అని అడిగితే రాజ్యం, "మా కోడలిది," అంది పందిరంతా వినబడేలా.

భోజనాల దగ్గర ఒకామె వచ్చి బాలామణి పక్కన కూర్చుంది. నలభై ఏళ్ళుంటాయి. నూలుచీర, చేతికి పెద్ద గడియారం.

"నా పేరు భారతీదేవి. పుణ్యవతి పనిచేసే ఆస్పత్రిలో డాక్టర్ని. ఇందాక గట్టు మీదే ఉన్నాను. మీరు వెళ్ళడం చూశాను, రావడం చూశాను."

"అందరూ అదే అంటున్నారండీ," అంది బాలామణి సిగ్గుపడుతూ.

"నేను పొగడ్డానికి రాలేదు. కొండ కింద ఊళ్ళలో పసిపిల్లలకి టీకాలు వెయ్యాలి. ఈ గెడ్డలు పొంగితే మా జీపు వెళ్ళలేదు. రోజులు దాటిపోతున్నాయి. వానలు తగ్గేదాకా మాతో వస్తారా?"

బాలామణి చెయ్యి విస్తట్లో ఆగిపోయింది. "బండి కావాలా మీకు?"

"బండీ కావాలి, మీరూ కావాలి. బండి ఎక్కడైనా దొరకొచ్చు. నీళ్ళలో మనిషి పడిపోతే బండి ఆగిపోకుండా చూసుకునేవాళ్ళు నాకు దొరకరు. రేపు పొద్దున్నే బయల్దేరాలి. వీలవుతుందా?"

ఆఫీసు మానేశాక నువ్వు కావాలని ఎవరూ ఆమెని అడగలేదు. మూర్తి కోసం చూసింది. పంక్తిలో లేడు. పందిరి వెనక మట్టిదిబ్బ ఎక్కి, తల్లి దగ్గర తీసుకున్న ఫోను చెవికి పెట్టుకుని, ఎవరిదో పెద్ద తువ్వాలు కప్పుకుని నిలబడి ఉన్నాడు. కళ్ళజోడు లేక కళ్ళు చిట్లించి ఎక్కడో చూస్తున్నాడు.

బాలామణి డాక్టరు వైపు తిరిగింది.

"వస్తాను," అంది. అనేశాక గానీ సాయంత్రం దీపాలవేళ సంగతి గుర్తు రాలేదు.

మూర్తి దిబ్బ దిగి, విస్తళ్ళ మధ్యనుంచి జాగ్రత్తగా నడుచుకుంటూ వచ్చాడు.

"రామచంద్రరావు," అన్నాడు. "అప్పుడే వచ్చి మన అరుగు మీద కూర్చున్నాడట. ఎంతసేపట్లో వస్తారని అడుగుతున్నాడు."

"ఏం చెప్పారు?"

"బండి నాది కాదండీ, మా ఆవిడది, ఆవిడని అడక్కుండా మీకు మాట ఇచ్చాను, అన్నాను."

బాలామణి లేచి నిలబడింది.

"మండిపడుతున్నాడు," అన్నాడు మూర్తి. "పెద్దమనుషుల్ని పిలిపిస్తానన్నాడు. కోర్టు అన్నాడు. చివరికి ఆ మాటేదో ఆవిడ నోటితోనే చెప్పించమన్నాడు." ఫోను ఆమె వైపు చాపాడు. "లైన్లోనే ఉన్నాడు."

ఆమె ఎడమచేత్తో ఫోను అందుకుంది. కుడిచేత్తో డాక్టరుని ఒక్క నిమిషం కూర్చోమని సైగ చేసింది. మూర్తి కదలకుండా ఆమె పక్కనే నిలబడ్డాడు.

"హలో," అంది. "నేను బాలామణిని మాట్లాడుతున్నానండీ."